చిన్న నియమములు – ఆత్మవిశ్వాసము



మన పల్లెలలో అప్పు పుట్టుట యనునది చిత్రమైన వ్యవహారము. ఒకడు అంగడిముందు నిలిచి నోరు తెఱచినంతనే వర్తకుడు సరకు తూచి యిచ్చి పద్దు వ్రాసికొనును. మఱియొకడు, మొదటివానికంటె ఎక్కువ పొలము కలవాడైనను, అడిగినప్పుడు ఆ వర్తకుడే "రేపు చూతము లెండి" యని పంపివేయును. ఈ భేదమునకు కారణము ధనము కాదు, పరపతి. పరపతి యొక్కనాట పుట్టునది కాదు. పది రూపాయల బాకీని చెప్పిన దినమున తీర్చినవానికి నూఱు పుట్టును. నూఱు తీర్చినవానికి వేయి పుట్టును. పది తీర్చక, "వేయి యిమ్ము, అంతయు నొక్కసారిగా తీర్చెదను" అనువానికి ఎవరును ఈయరు. ఈ సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు.

అయితే ఈ పరపతి యితరులకడనే కాక, మనకు మనకడ కూడ నొకటి కలదని నా మనవి. మనుష్యుడు ప్రతిదినమును తనకు తాను కొన్ని మాటల నిచ్చుకొనుచుండును. "రేపటినుండి తెల్లవాఱకముందే లేచెదను", "ఇక ఈ చుట్ట మానెదను", "ఈ మాసములో ఆ పుస్తకము ముగించెదను" అని అనుకొనుచుండును. ఆ మాటలను చెల్లించుకొన్నవానికి తనకడ తనకు పరపతి పెరుగును, తప్పినవానికి తగ్గును. పలుమాఱు తప్పినవాడు విద్యావంతుడైనను సంపన్నుడైనను, క్రొత్తపని యెదురైనప్పుడు అతని మనస్సే ఆ వర్తకునివలె "రేపు చూతము లెండి" యని అతనిని పంపివేయును. ఆత్మవిశ్వాసమని మనము చెప్పుకొనునది ఈ పరపతియే. దానిని గొప్ప ప్రతిజ్ఞలచేత గాక, చిన్న బాకీలను వేళకు తీర్చుటచేతనే సంపాదింపవలెననుట నేటి నా ప్రసంగమునకు సారము.

ఈ విషయమును నేను గ్రంథములలో చదివి మాత్రమే చెప్పుట లేదు. పడి నేర్చుకొని చెప్పుచున్నాను. "పడి" యనుమాట యిచ్చట అలంకారముగా వాడినది కాదు.

ముప్పదియేండ్లకు పైగా ఉపాధ్యాయవృత్తి చేసి విరమించిన దినమున నేను ఒక కాగితముమీద ఏడు నియమములు వ్రాసికొంటిని. నాలుగుగంటలకు లేచుట, దినమునకు నాలుగు పుటలు వ్రాయుట, రెండుకోసులు నడచుట, చిన్ననాడు చదివి మఱచిన కావ్యముల నన్నిటిని మఱల చదువుట - ఇట్టివి. మొదటివారమున ఏడును సాగినవి. రెండవవారమున నాలుగు మిగిలినవి. మాసాంతమునకు ఆ కాగితము మాత్రమే మిగిలినది. దానిని చూచినప్పుడెల్ల సిగ్గు కలుగుచుండుటచేత, పంచాంగము వెనుక దాచితిని. బడిపిల్లలకు సమయపాలనమునుగూర్చి జీవితమంతయు చెప్పినవాడను, గంట కొట్టువాడు లేనంతనే నాకు సమయము లేకపోయెను.

మఱుసటియేడు వర్షకాలమున నొక ఉదయము మా పెరటి నూతిగట్టుమీద కాలుజాఱి పడితిని. ఎముక విఱుగలేదు. మోకాలు వాచి, పదునైదు దినములలో నెమ్మదించెను. భయము మాత్రము నెమ్మదింపలేదు. నూతికడకు పోవుట మానితిని. పిమ్మట, మెట్లున్నవని దేవాలయమునకు పోవుట మానితిని. ఆ పిమ్మట, వీధిలో రాళ్లున్నవని గ్రంథాలయమునకు పోవుట మానితిని. మా యబ్బాయి మిక్కిలి ప్రేమగలవాడు. నేను చెంబు కొఱకు లేవబోవగానే "నాన్నగారూ, మీరు లేవకండి, నేను తెస్తాను" అనుచుండెను. కోడలు నా పడకను తానే చుట్టి పెట్టుచుండెను. మనుమడు నా కండ్లజోడును చేతికి అందించుచుండెను. వారి ప్రేమకు నేను సంతసించితిని. అయితే, ఆఱు మాసములు గడచునప్పటికి నా చేతులతో నేను చేయు పని యొక్కటియు లేదని గ్రహింపనైతిని.

అంతట నొక వివాహమున, పెండ్లికుమారుని తండ్రి నాకడకు వచ్చి, వధూవరులను గూర్చి నాలుగు మాటలు చెప్పి ఆశీర్వదింపుమని కోరెను. ఆ పెండ్లికుమారుడు నా శిష్యుడు. ఎన్నియో సభలలో మాటలాడినవాడను, ఆనాడు లేచి నిలిచి, చేతులు వణకగా, రెండు వాక్యములైన పలుకలేక అక్షతలు చల్లి కూర్చుంటిని. జ్వరముగా నున్నదని బొంకితిని. జాఱినది కాలు, పోయినది మాట. ఈ రెంటికిని సంబంధమేమో నా కప్పుడు తెలియలేదు.

తెలిపినవాడు మా వీధిలో నున్న ముసలిరైతు. అతడు నాకంటె పదియేండ్లు పెద్దవాడు. అక్షరములు కూడబలుకుకొని చదువువాడు. ఒకనాటి సాయంకాలము మా అఱుగుమీద కూర్చుండి ఇట్లనెను: "పంతులుగారూ, మోకాలికి తగిలిన దెబ్బ మానింది. మనసుకు తగిలినదానికి మీరు మందు వేసుకోలేదు. ఎడ్లతో దున్నే రోజుల్లో, కొత్త గిత్తకు కాడి అలవాటు చేసేటప్పుడు మొదటిరోజే ఎకరం దున్నించేవాణ్ణి కాదు. ఒక్క చాలు దున్నించి విప్పేసేవాణ్ణి. ఆ చాలు పూర్తి చేశానన్న సంగతి గిత్తకు తెలుస్తుందండీ. రేపు మీరు ఈ అరుగు దిగి, వీధి మొగదాకా వచ్చి వెనక్కి వెళ్లండి. ఎల్లుండి సంగతి ఎల్లుండి."

మఱునాడు దిగితిని. మా యింటినుండి వీధి మొగకు నూఱడుగులుండును. పోయి వచ్చితిని. ఇంటికి వచ్చి, పాత లెక్కలపుస్తకములో ఆ తేదీకి ఎదురుగా ఒక చుక్క పెట్టితిని. పది చుక్కలు పడిన పిమ్మట దేవాలయము వఱకు నడచితిని. రెండు మాసములకు చెఱువుగట్టు చేరితిని. అంతకుముందే ఒక ఉదయమున కోడలితో "అమ్మాయీ, నా పడక నేనే చుట్టుకొందును" అని చెప్పితిని. ఆమె నొచ్చుకొనెను, కారణము వివరించిన పిమ్మట నవ్వి యొప్పుకొనెను. ఆ సంవత్సరాంతమున గ్రంథాలయములో జరిగిన సభయందు పదినిమిషములు మాటలాడితిని. చేయి కొంచెము వణకెను గాని మాట ఆగలేదు. మోకాలు నేటికిని మెట్లు దిగునప్పుడు మూలుగును. దానిని మూలుగనిచ్చి నేను దిగుచున్నాను.

ఇట్లేల జరిగెనని పిమ్మట విచారించితిని. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన ఆల్బర్టు బందూరా యను మనశ్శాస్త్రజ్ఞుడు 1977లో ఈ విషయమునుగూర్చి ఒక సిద్ధాంతమును ప్రకటించెను. ఆయన 1925లో కెనడాలో జన్మించి 2021లో మరణించెను. "ఈ పనిని నేను చేయగలను" అను నమ్మకము మనుష్యునకు నాలుగు ఊటలనుండి వచ్చునని ఆయన చెప్పెను. తాను స్వయముగా ఒక పని చేసి నెగ్గుట మొదటిది. తనవంటివాడు చేయగా చూచుట రెండవది. ఇతరులు "నీవు చేయగలవు" అని ప్రోత్సహించుట మూడవది. తన దేహస్థితి నాలుగవది. అనగా గుండె దడదడ కొట్టుకొనుచు చేతులు వణకుచున్నప్పుడు "నావలన కాదు" అనియు, దేహము నెమ్మదిగా నున్నప్పుడు "అగును" అనియు మనస్సు తీర్పు చెప్పును. ఈ నాలుగింటిలో మొదటిదే బలవత్తరమని ఆయన మతము. పొగడ్తవలన వచ్చిన ధైర్యము మొదటి యోటమితో పోవును. పని చేసి సంపాదించిన ధైర్యము ఒకటిరెండు ఓటములకు చలింపదు. మా రైతు గిత్తను చూచి నేర్చినదియు, ఆచార్యుడు పరిశోధించి చెప్పినదియు నొక్కటియే.

దీనికి మన దేశమున అందఱికిని తెలిసిన దృష్టాంతము గాంధీమహాత్ముడు. లక్షలకొలది జనులు ఆయన మాటకు లేచిరని మనము విన్నాము. ఆయన యౌవనమున మాటలాడలేనివాడని ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొనెను. లండనులో చదువుకొనునప్పుడు శాకాహారసంఘపు కార్యవర్గములో నుండియు నోరు మెదపలేకపోయెను. న్యాయవాదియై తిరిగివచ్చి బొంబాయిలోని చిన్నవ్యాజ్యముల న్యాయస్థానమున మొదటి వ్యాజ్యమును 30 రూపాయల రుసుముపై చేపట్టి, సాక్షిని ప్రశ్నింపవలసి లేచి నిలువగా తల తిరిగి, ఒక్క ప్రశ్నయు తోచక కూర్చుండెను. వ్యాజ్యమును వేఱొక న్యాయవాదికి ఒప్పగింపుమని చెప్పి బయటికి వచ్చెను.

అట్టి సిగ్గరికి లండనులోనే రెండు చిన్న నియమములు మాత్రము కుదిరియుండెను. వ్యయపఱచిన ప్రతి చిన్న నాణెమును, బండికూలిని, తపాలాబిళ్లను గూడ లెక్క వ్రాసి, ప్రతిరాత్రియు నిద్రకు ముందు నిలువ సరిచూచుకొనుట యొకటి. బండి యెక్కక దినమునకు ఎనిమిది పది మైళ్లు నడచుట రెండవది. ఆ లెక్కల యలవాటే తరువాత లక్షలకొలది ప్రజాధనమును అప్పులేకుండ నిర్వహించుటకు తోడ్పడెనని ఆయన వ్రాసెను. 1893లో దక్షిణాఫ్రికాకు పోయి, ప్రిటోరియా నగరమున భారతీయ వర్తకుల యెదుట తన జీవితములో మొదటి బహిరంగోపన్యాస మిచ్చెను. నడక సంగతి మీ రెఱుగుదురు. 1930 మార్చి 12వ తేదీన సబర్మతినుండి బయలుదేరి, ఏప్రిలు 5వ తేదీన దండి చేరునప్పటికి ఆయన రమారమి 240 మైళ్లు నడచెను. అప్పటికి ఆయన వయస్సు 60 సంవత్సరములు. బండికూలి మిగుల్చుకొనుటకు లండను వీథులలో నడచిన బాలుని కాళ్లే ఆ కాళ్లు. చిన్న నియమము తన గమ్యమును ముందుగా చెప్పదు. పని వచ్చినప్పుడు సిద్ధముగా మాత్రము ఉండును.

ఇక మన వయస్సువారి సంగతికి వత్తము. పెద్దవయస్సున ధైర్యము మొట్టమొదట పోవునది కాళ్లనుండియే. ఒకసారి పడినవాడు, లేదా తోడివాడు పడగా చూచినవాడు, మఱల పడుదునేమోయని నడక తగ్గించును. నడక తగ్గుటచేత తొడలయందలి కండరములు క్షీణించును, నిలుకడ తప్పును. నిలుకడ తప్పుటచేత నిజముగానే పడును. పడుదునను భయమే పాటును తెచ్చిపెట్టును. ఈ చక్రమును ఎక్కడనో యొకచోట త్రెంపవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము, అఱువదియైదేండ్లు దాటినవారు సయితము వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ, మాటలాడగలిగియు పాట పాడలేనంత వేగముతో నడచుటవంటి వ్యాయామము చేయవలెను; వారమునకు మూడు దినములైనను నిలుకడకును కండబలమునకును సంబంధించిన అభ్యాసము చేయవలెను. 150 నిమిషములనగా దినమునకు ఇరువదిరెండు నిమిషములకంటె లేదు. చేయలేనివారు చేయగలిగినంతయే చేయవచ్చుననియు, ఏమియు చేయకుండుటకంటె కొంచెము చేయుట మేలనియు ఆ సూచనలే చెప్పుచున్నవి.

నిలుకడ యభ్యాసమునకు యంత్రము లక్కఱలేదు. మన యిండ్లలో స్తంభమున్నది. లేనిచో గోడ యున్నది. స్తంభమును ఒకచేత పట్టుకొని ఒంటికాలిపై పది లెక్కించునంత కాలము నిలిచి, రెండవ కాలిపై అట్లే నిలువవలెను. కదలని కుర్చీపై కూర్చుండి, వీలైనంతవఱకు చేతుల యూత లేకుండ ఐదుసార్లు లేచి కూర్చుండవలెను. తల తిరుగువారును, గుండెజబ్బు గలవారును, రక్తపుపోటుకు మందు వాడువారును మొదట వైద్యునితో చెప్పి, మనుష్యుని దగ్గఱ నుంచుకొని చేయవలెను. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, బలవంతుడు సయితము తన శక్తిలో సగము వఱకే వ్యాయామము చేయవలెనని విధించెను. కావున రొప్పునంతగా చేయుట పౌరుషము కాదు.

కాళ్ల తరువాత చేతులు. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అను ఇద్దఱు విదుషీమణులు 1976లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఒక వృద్ధాశ్రమమునందు జరిపిన పరీక్షను ప్రకటించిరి. ఒక అంతస్తులోని వృద్ధులకు "మీ గది యమరిక మీ యిష్టము, ఇదిగో యొక మొక్క, దీనిని మీరే పెంపవలెను" అని చెప్పిరి. వేఱొక అంతస్తులోనివారికి కూడ మొక్క నిచ్చిరి. కాని "మీకు శ్రమ వలదు, పరిచారికలే నీళ్లు పోయుదురు, మీ సుఖము మేమే చూచుకొందుము" అని చెప్పిరి. మూడు వారములకు చూడగా, తమ మొక్కకు తామే నీళ్లు పోసినవారు ఎక్కువ ఉల్లాసముగాను, చుఱుకుగాను, పదుగురితో కలసిమెలసియు కనబడిరి. రెండుచోట్లను మొక్క యున్నది, నీళ్లున్నవి, ఆదరమున్నది. ఒకచోట మాత్రమే "ఇది నా పని" అను మాట యున్నది.

ఈ సందర్భమున వినుచున్న కుమారులకును కోడండ్రకును నాదొక విన్నపము. పెద్దల చేతినుండి పని నంతయు తీసికొనుట సేవ యని తలంపకుడు. పెరటి మొక్కకు నీళ్లు పోయుట, పిల్లలకు పద్యము చెప్పుట, పాలలెక్క వ్రాయుట, దీపము వెలిగించుట - ఏదో యొక పని వారిది కావలెను. అది కొంచెము ఆలస్యమైనను, కొన్ని నీళ్లు ఒలికినను, వారి చేతనే జరుగనిండు. పెద్దలకును నాదొక మాట: ఆ పని మీరు ఏర్పఱచుకొనకున్నచో ఎవరును మీకు ఈయజాలరు. "నన్నెవరు అడుగుచున్నారు" అని అఱుగుమీద కూర్చుండుట సులభము. అడుగనక్కఱలేని పని యొకటి చేపట్టుడు.

సరే, అలవాటును నిలుపుట యెట్లు? మన ప్రాచీనులు దీనికొక చక్కని మార్గము చెప్పిరి. చరకసంహితయందును వాగ్భటుని గ్రంథమునందును, చిరకాలముగా పట్టిన చెడ్డయలవాటును ఒక్కసారిగా గాక పాదము పాదముగా, అనగా నాలుగింట నొకవంతు చొప్పున విడువవలెననియు, మంచిదానిని అట్లే క్రమముగా చేర్చుకొనవలెననియు ఉన్నది. దినమునకు నాలుగు చుట్టలు కాల్చువాడు మొదట మూడింటికి దిగి, అది కుదిరిన పిమ్మట రెంటికి దిగి, తుదకు పూర్తిగా విడువవలెనన్నమాట. నేను ఏడు నియమములను ఒక్కనాడు కాగితముపై వ్రాసినప్పుడు ఈ శాస్త్రము నాకు తెలియకపోలేదు. పిల్లలకు చెప్పుటకే యని తలంచితిని.

పండితుల యిండ్లలో అమరకోశము వల్లించిన విధమును జ్ఞాపకము చేసికొనుడు. అందు రమారమి 1,500 శ్లోకములు కలవు. ఒక్కసారిగా చూచిన బాలుడు బెదరి పాఱిపోవును. గురువు దినమునకు రెండు శ్లోకములు చెప్పి, నిన్నటి రెంటిని అప్పగించుకొనుచుండెను. అట్లు రెండేండ్లకు కొంచెము పైగా గ్రంథమంతయు నోట నిలుచుచుండెను. ఆ పిల్లవాడు గొప్ప ప్రతిజ్ఞ యేదియు చేయలేదు; రెండు శ్లోకముల బాకీని నాటికి నాడు తీర్చెను. అభ్యాసమను మాటకు మాటిమాటికి చేయుట యని యర్థము. గొప్పగా చేయుట యని యర్థము లేదు.

ఎన్ని దినములకు అలవాటు కుదురునని అడుగుదురు. మనలో మండలదీక్ష నలువది దినములని వాడుక. లండనులోని యూనివర్సిటీ కళాశాలలో ఫిలిప్పా లాలీ యను పరిశోధకురాలును ఆమె సహచరులును 96 మందిని పరిశీలించి, ఒక చిన్న పని తనంత తాను జరుగునంత అలవాటగుటకు సగటున 66 దినములు పట్టునని కనుగొనిరి. అయితే కొందఱికి 18 దినములలోనే కుదిరినది. కొందఱి లెక్క 254 దినముల వఱకు పోయినది. కావున ప్రక్కవానికి నెలలో కుదిరినది నాకు రెండు నెలలకును కుదురలేదని కుందనక్కఱలేదు. ఆ పరీక్షలోనే మఱియొక మంచి సంగతి తేలినది. నడుమ నొక దినము తప్పినంతమాత్రమున అలవాటునకు చెప్పుకొనదగిన హాని కలుగలేదు. వ్రతభంగమైనదని మొత్తమును విడుచుటయే హాని. ఒక వాయిదా తప్పినవాడు మఱునాడు పోయి చెల్లించినచో పరపతి నిలుచును. మొగము చాటుచేసినవానికే పోవును.

పనికి గంట పెట్టుకొనుటకంటె, ఇదివఱకే తప్పక జరుగు మఱియొక పనికి ముడివేయుట మేలు. "ఆఱుగంటలకు నడచెదను" అనుటకంటె "కాఫీ త్రాగి లోటా క్రింద పెట్టగానే చెప్పులు తొడిగెదను" అనుకొన్నచో మఱపు రాదు. నేను సాయంకాలము దీపము పెట్టిన వెంటనే మనుమలకు ఒక పుట పెద్దగా చదివి వినిపింతును. ఏ గడియారమును నాకు గుర్తుచేయనక్కఱలేదు. దీపమే గుర్తు చేయును. పెద్దగా చదువుటచేత గొంతు నిలుచును. పదిమందిలో మాటలాడవలసివచ్చినప్పుడు అది పనికివచ్చును.

చేసినదానిని వ్రాసిపెట్టుట మఱువరాదు. అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ (1706-1790) చిన్న పుస్తకమొకటి కుట్టుకొని, పదుమూడు సుగుణములను అందు వరుసగా వ్రాసి, వారమునకు ఒక్కొక్క గుణముపై దృష్టి నిలిపి, ప్రతి సాయంకాలమును తప్పిన దానికెదురుగా నల్లచుక్క పెట్టుచుండెను. ఆయన ముద్రాపకుడు, శాస్త్రజ్ఞుడు, రాయబారి. అంతటివాడును తన వస్తువులను వరుసగా సర్దుకొను గుణమొక్కటి తుదివఱకు సరిగా కుదురలేదని ఒప్పుకొనెను. అయినను ఆ ప్రయత్నమే తన్ను మేలైన మనుష్యునిగాను, సుఖవంతునిగాను చేసెనని వార్ధకమున వ్రాసెను. నా పుస్తకములో మాత్రము చుక్క తప్పినందులకు గాదు, చేసినందులకు పెట్టుచున్నాను. బాకీలు జ్ఞాపకముంచుకొనుటకు మనస్సు చాలును. జమలను జ్ఞాపకముంచుకొనుటకే పుస్తకము కావలెను. ధైర్యము సన్నగిల్లిన దినమున వెనుకకు తిరిగి ఆ చుక్కలను చూచుకొన్నచో, "వీడు మాట నిలుపుకొనువాడే" అని మన సాక్ష్యమును మనమే పొందుదుము.

రెండు హెచ్చరికలు చేసి ముగించెదను. ఆత్మవిశ్వాసము వేఱు, గర్వము వేఱు. గర్వి ఇతరులతో పోల్చుకొనును. ఆత్మవిశ్వాసము గలవాడు నిన్నటి తనతో పోల్చుకొనును. అందుచేతనే అతడు తెలియనిదానిని తెలియదని చెప్పుటకు జంకడు. అవసరమైనప్పుడు చేయి యందుకొనుటకు సిగ్గుపడడు. చేతికఱ్ఱ పట్టుకొని దేవాలయమునకు పోవుట, కఱ్ఱకు సిగ్గుపడి ఇంటనుండుటకంటె ధైర్యము.

రెండవది ముఖ్యము. దుఃఖములన్నియు నియమములచేత తీఱునని నేను చెప్పుట లేదు. రెండువారములకు పైగా నిద్రయు ఆహారమును చెడి, ఏ పనియందును రుచిలేక, బ్రతుకు వ్యర్థమను తలంపు విడువకున్నచో, అది సోమరితనము కాదు, పిఱికితనము కాదు; అది వ్యాధి. దానికి చికిత్స కలదు. జ్వరమునకు వైద్యునికడకు పోయినట్లే దీనికిని పోవలెను. చచ్చిపోవుదునను మాట ఇంటిలో ఎవరినోటనైన వినబడినచో, చాదస్తమని త్రోసిపుచ్చక, వారిని ఒంటరిగా విడువక, నాటికి నాడే వైద్యునికి చూపుడు.

పెద్దలారా! ఈ ప్రసంగము విన్నపిమ్మట ఏడు నియమములు కాగితముపై వ్రాయకుడు. ఆ పని నేను మీ యందఱి తరపున చేసి చూచితిని. ఒక్కదానిని మాత్రమే ఏర్పఱచుకొనుడు. అది ఎంత చిన్నదిగా నుండవలెననగా, చెడ్డదినమున, ఒంటిలో నలతగా నున్ననాడు సయితము చేయదగినంత చిన్నదిగా నుండవలెను. రేపు ఉదయమున మీ పడక మీరు చుట్టుడు. లేదా వీధి మొగవఱకు పోయి రండు. వచ్చి, తేదీకి ఎదురుగా ఒక చుక్క పెట్టుడు. ఎల్లుండి సంగతి ఎల్లుండి.

ఆ మాట చెప్పిన రైతు నేటికిని సాయంకాలము మా అఱుగుమీదకు వచ్చును. ఇప్పుడు అతనికి చూపు మందగించినది. చెఱువుగట్టువఱకు నా భుజముపై చేయివేసి నడచును. నేను కాలు జాఱుదునేమోయని అతడును, అతనికి రాయి తగులునేమోయని నేనును చూచుకొనుచు పోయి వచ్చుచున్నాము.